పెద్ద లకుముకి, హార్మెన్ టోపీ

ఆ రోజు పొద్దున ఆకాశం విరిగిన పాలలా ఉంది. ముద్దలు ముద్దలుగా తెల్లమబ్బు, మధ్యమధ్య పలచటి నీలం. అడవి మీద ఆకు కదలడం లేదు. హార్మెన్ వ్యాను మెట్టు మీద కూర్చుని అదే పనిగా పైకి చూస్తున్నాడు. జీవితమంతా పాడి చేసినవాడు, విరిగిన పాలు మళ్ళీ కలవవని అతనికి ఒకరు చెప్పక్కర్లేదు. ఆకాశం సంగతి వేరు. తూర్పున ఆస్పెన్ చెట్ల వెనక ఒక ముద్ద కరిగి వెలుతురు కారుతోంది. ఎండ వస్తే ఇవాళ రావాలి. రాకపోతే ఇక ఈ జన్మకు లేదు.

జన్మ అన్నది పెద్ద మాటే. కానీ ఇదే ఆఖరి వేసవి అని భార్య ఫ్రౌకె ఖాయంగా చెప్పేసింది. రేపు పొద్దున బయల్దేరి, పోలండ్ దాటి, జర్మనీ దాటి, తమ ఫ్రీస్‌లాండ్ పల్లె చేరుకోవడమే. వచ్చే ఏడాది నుంచి ఆమె సముద్రపు ఒడ్డున కుర్చీ వేసుకుని అల్లిక పట్టుకుని కూర్చుంటుంది. హార్మెన్ వస్తే రావచ్చు, లేదంటే ఆ రెక్కల పురుగుల వెంట ఒక్కడే పోవచ్చు. ఒక్కడే పోలేడని ఇద్దరికీ తెలుసు. అతనికి తోవ గుర్తుండదు, వంట రాదు, పరాయి దేశంలో నోరు పెగలదు. సొంత ఊళ్ళోనూ పెగలదు గానీ, అక్కడ అందరిదీ అదే తీరు కాబట్టి ఎవరూ పట్టించుకోరు.

ఆవుల్ని అమ్మేసిన ఏడు మొదలైంది ఈ పిచ్చి. తెల్లవారకముందే మెలకువ వస్తుంది, పితకడానికి పొదుగు ఉండదు. చేతులు ఏం చేయాలో తెలియక ఖాళీ పచ్చికలో తిరుగుతుంటే ఒక గడ్డిపోచ కొసన మంచుబొట్లతో తడిసి నిద్రపోతున్న చిన్న నీలి సీతాకోకచిలుక కనిపించింది. దాని ఫొటో తీసుకోవాలనిపించింది. అంతే, ఒక కెమెరా, ఆ తర్వాత ఒక పాత వ్యాను. అప్పట్నుంచీ ప్రతి వేసవీ దేశాల మీద పడ్డాడు. యూరప్‌లో ఫొటో కోసం అతను నేలకు పొట్ట ఆనించని దేశం తక్కువ. స్పెయిన్ ముళ్ళకంపల్లో పడుకున్నాడు, ఆల్ప్స్‌లో కరుగుతున్న మంచు అంచున పడుకున్నాడు, గ్రీసులో రాళ్ళ మీద పడుకుని లేవలేకపోతే గొర్రెల కాపరి లేపాడు. ఊరికి తిరిగొచ్చాక పక్కింటివాళ్ళు ఏం చూశావని అడిగేవారు. వాళ్ళు వెళ్ళినప్పుడు కోటలూ చర్చిలూ చూసొస్తారు. హార్మెన్ చూసినవి పేడకుప్పలు, బురదగుంటలు, కంకర రోడ్లు. అందుకని బాగుందని చెప్పి ఊరుకునేవాడు.

ఇన్ని తిరిగినా కెమెరాకు చిక్కని సీతాకోకచిలుక ఒకటి మిగిలింది. లకుముకి పిట్ట పేరే పెట్టి, తమ భాషలో దాన్ని పెద్ద లకుముకి అంటారు. తమ దేశంలో కనబడదు. ఇలాంటి తూర్పు అడవుల్లో ఆస్పెన్ చెట్ల తలల్లో బతుకుతుంది. వేసవి మొదట్లో కొద్దివారాలు, అదీ ఎండున్న పొద్దుటి పూట, కాసేపు అడవిదారి మీదికి దిగుతుంది. పువ్వు వైపు కన్నెత్తి చూడదు. దానికి కావలసింది పేడ, కుళ్ళిన చేప, చచ్చిన కప్ప, లేదంటే చెమట. రూపం రాజుది, రుచి పందిది.

అందుకే ఎర. ఇంటింటికీ ఒక ఊరగాయ ఉన్నట్టు ఈ సీతాకోకచిలుకల మనుషుల్లో ఒక్కొక్కరికీ ఒక ఎర ఉంటుంది. ఎవరిది వారికి గొప్ప. హార్మెన్ ఎరలో హెర్రింగ్ చేపల తలలు, నల్లబడిన అరటిపళ్ళు, పాత జున్ను పెచ్చులు, అడుగున మిగిలిన బీరు ఉంటాయి. బకెట్లో పోసి మూత బిగించి వారాల తరబడి ఊరబెడతాడు. ఆ బకెట్ వ్యాను వెనక సీటు కింద ప్రయాణం చేస్తుంది. జర్మనీలో ఒక క్యాంపులోవాళ్ళు మర్యాదగా ఆ మూలకు పొమ్మన్నారు, కాసేపటికి మర్యాద లేకుండా గేటు బయటికి పొమ్మన్నారు. హార్మెన్‌కు ఆ గొడవంతా ఎందుకో అర్థం కాలేదు. కొట్టంలో పెరిగిన ముక్కు అతనిది, వాసనలతో దానికి ఎప్పుడో తెగతెంపులైపోయాయి.

ఇక్కడ, పోలండ్‌కు తూర్పున ఉన్న ఈ పల్లెలో, వీళ్ళు దిగింది జెనోవెఫా అనే పెద్దావిడ ఆపిల్ తోటలో. రోజూ గుడ్లు, దోసకాయలు తెచ్చిపెట్టేది. బకెట్‌ను బయట దించిన రోజు నుంచి తెచ్చినవి కంచె అవతలే పెట్టి వెళ్ళిపోతోంది.

అవతల చిన్న గుడారంలో ఫ్రౌకె తమ్ముడు డౌవె లేచి దగ్గుతున్నాడు. ఊళ్ళో అతనిది పైపుల పని. అక్కకు పోవాల్సిన మాటలూ బావకు పోవాల్సిన మాటలూ కలిపి దేవుడు ఇతనికే ఇచ్చేశాడు. కొన్నేళ్ళ కిందట సరదాకని మొదటిసారి వీళ్ళతో స్లొవేకియా వచ్చాడు. హార్మెన్ రోడ్డుకు ఆ పక్క బురదలో బోర్లా పడుకుని చూస్తుంటే, ఈ పక్క డౌవె బూట్లు విప్పి పక్కన పెట్టి చేప రొట్టె తింటున్నాడు. పెద్ద లకుముకి ఒకటి ఎక్కణ్ణుంచో జారుకుంటూ వచ్చి డౌవె బూటు మీద వాలింది. రొట్టె నోట్లో పెట్టుకునే ఫొటో తీశాడు. బురదలో ఉన్నవాడికి ఏమీ దొరకలేదు, జలుబు తప్ప.

వీళ్ళ జిల్లాలో సీతాకోకచిలుకలవాళ్ళకు ఒక సంఘం ఉంది. చలికాలంలో కాఫీ హోటలు వెనక గదిలో చేరి వేసవిలో తీసినవి గోడ మీద వేసి చూసుకుంటారు. ఆ ఏడు గోడంతా డౌవె బూటే. అందరూ చప్పట్లు కొట్టారు. సంఘంలో చేరిన నాటి నుంచి ఒక్క మాటా మాట్లాడని హార్మెన్ అప్పుడు లేచి నిలబడ్డాడు. మనిషి వస్తువేదైనా ఫొటోలో పడితే ఆ సీతాకోకచిలుక లెక్కలోకి రాకూడదన్నాడు. అడవి ప్రాణిని అడవిలోనే చూపించాలన్నాడు. మూగవాడికి మాటలొచ్చినట్టయి ముసలివాళ్ళంతా చేతులెత్తి సరేనన్నారు. రూలు అయిపోయింది, డౌవె బూటు కొట్టుకుపోయింది. డౌవె నవ్వి ఊరుకున్నాడు. కానీ అప్పట్నుంచీ ప్రతి వేసవీ బావ వెంట బయల్దేరుతున్నాడు. హార్మెన్ దానికి కారణం అడగలేదు. అడగాల్సిన పని లేదని తెలుసు.

మబ్బు ముద్దలు పలచబడుతున్నాయి. హార్మెన్ లేచి బకెట్ దగ్గరికి వెళ్ళాడు. ఈ ఊరి గోతుల రోడ్డులో పడి మూత రెండు ముక్కలైపోయింది. బకెట్ మీద తన టోపీ ఉంది. తను ఎక్కడ పడేస్తే ఫ్రౌకె ఎక్కడ పెడుతుందో, అదొక నిత్య కలహం. టోపీ తీసి నెత్తిన పెట్టుకున్నాడు. కాస్త తేమగా తగిలింది, మంచుకు తడిసుంటుందనుకున్నాడు. గరిటె, కెమెరా, బకెట్ పట్టుకుని అడవి దారి పట్టాడు.

డౌవె వెనకే వచ్చి, వెంటనే నాలుగడుగులు దూరం జరిగాడు.

"బావా, ఇవాళ నీ ఎర బాగా పదునెక్కిందే."

"ఊఁ."

"నేను ముందుకెళ్ళి మలుపు దగ్గర కూర్చుంటా. ఇక్కడుంటే పెద్ద లకుముకి రాకముందే నేను పోయేట్టున్నాను."

హార్మెన్ లోలోపల సంతోషించాడు. ఎరను పొగిడారంటే అతనికి కెమెరాను పొగిడినదానికంటే ఎక్కువ. రోడ్డు మధ్య ఎండ పడబోయే చోటు చూసి, ఇసుక మీద రెండు గరిటెలు పోశాడు. నాలుగు బారల దూరంలో గడ్డి అంచున బోర్లా పడుకున్నాడు. మోకాళ్ళు వాటి భాషలో ఏదో అన్నాయి. కెమెరాను మోచేతుల మీద నిలబెట్టి ఎర మీదికి గురిపెట్టాడు.

ఎండ వచ్చింది. ఆస్పెన్ ఆకులు గాలి లేకపోయినా వణుకుతున్నాయి, అది వాటి స్వభావం. ఎర మీదికి ఒక పేడపురుగు వచ్చింది. అటూ ఇటూ తిరిగి, తన స్థాయికి తగదనుకుందో ఏమో, వెళ్ళిపోయింది. ఇంకేమీ రాలేదు. విచిత్రం, ఈగలు కూడా అటు పోవడం లేదు. అన్నీ హార్మెన్ తల చుట్టే ముసురుతున్నాయి. ఈ దేశపు ఈగలకు మనిషంటే గౌరవం ఎక్కువనుకున్నాడు.

ఎర మీద నమ్మకం తగ్గుతున్నకొద్దీ ఇన్నేళ్ళ సంగతీ గుర్తొచ్చింది. ఎక్కడ పడుకున్నా ఇదే వరస. తను చూస్తున్న చోటికి ఏదీ రాదు. ఊళ్ళో పాడి చేసినన్నాళ్ళూ ఏ ఆవు ఎప్పుడు ఎదకొస్తుందో, ఏది తన్నుతుందో చూడగానే చెప్పేవాడు. అదే మనిషి రెక్కల పురుగు ముందు ఇంత తెలివితక్కువవాడు ఎలా అయ్యాడో. సంఘంలో ఆ రోజు లేచి నిలబడకుండా ఉంటే బాగుండేదేమో. కూర్చునే ఉంటే కనీసం ఫొటో లేని మనిషిగా మిగిలేవాడు. ఇప్పుడు ఫొటో లేదు, పైగా రూలు పెట్టినవాడు.

వెనక నుంచి కంకర మీద నడక వినిపించింది. ఫ్రౌకె. పదింటికి కాఫీ. భూమి తలకిందులైనా ఆ వేళకు ఆమె ఫ్లాస్కు, కప్పులు, బిస్కెట్ల డబ్బా పట్టుకుని వస్తుంది. తలా ఒక బిస్కెట్టు ఇచ్చి డబ్బా మూత పెట్టేస్తుంది, అది వాళ్ళ ఊరి మర్యాద. నడక దగ్గరికి వచ్చి టక్కున ఆగింది.

"హార్మెన్, కదలకు."

దూడ వెనక కాళ్ళు ముందొచ్చినప్పుడు ఆమె మాట్లాడే గొంతు అది. హార్మెన్ ఊపిరి కూడా బిగపట్టాడు.

"ఏంటి?"

"నీ నెత్తి మీద ఉంది."

"ఏది?"

"దాని పేరు నాకేం తెలుసు. పెద్దది. పైన నల్లగా ఉంది, రెక్క మూస్తే కింద నారింజ రంగు. ఇన్నేళ్ళుగా నా ప్రాణం తీస్తున్నది ఇదే అయుంటుంది."

హార్మెన్ కళ్ళు ఎర మీదే ఉన్నాయి. అక్కడ ఇసుక, చేపతల, ఎండ. పెదాలు కదపకుండా అడిగాడు.

"ఎర అక్కడుంటే ఇది నా నెత్తికెందుకొచ్చింది?"

ఫ్రౌకె ఫ్లాస్కును మెల్లగా గడ్డిలో పెట్టింది.

"మూత పగిలింది గదా. మొన్నట్నుంచీ నీ టోపీయే మూత. దారిలో ఎగిరెగిరి పడినప్పుడల్లా అందులో మునిగుంటుంది. ఇవాళ నువ్వది పెట్టుకుంటావని నేననుకున్నానా?"

చేతిలో వెన్న పెట్టుకుని నేతికి ఊరంతా తిరగడమంటే ఏమిటో హార్మెన్‌కు అప్పుడు తెలిసింది. తేడా ఒక్కటే, ఇతను వెన్నను చేతిలో కాకుండా నెత్తిన పెట్టుకున్నాడు.

తన్నే ఆవు పొదుగు కింద చేయి ఎలా పెట్టాలో అతనికి తెలుసు. చేయి వస్తున్నట్టు దానికి తెలియకూడదు, ముందునుంచీ అక్కడే ఉన్నట్టుండాలి. కెమెరాను గడ్డిలో వదిలి రెండు చేతులూ పైకి తీసుకుపోయాడు. ఒక మోచెయ్యి చిటుక్కుమంది. ఫ్రౌకె ఊపిరి పీల్చడం వినిపించింది. వేళ్ళు టోపీ అంచుకు తగిలాయి. నిండు పాలబిందెను దించుతున్నట్టు, ఒలకకుండా తొణకకుండా టోపీని కళ్ళ ముందుకు దించి ఇసుక మీద పెట్టాడు. తర్వాత వానపాములా పొట్ట మీదే వెనక్కి జరిగాడు.

అప్పుడు చూశాడు. టోపీ నడినెత్తిన నిలబడి, సన్నటి నాలుక బట్టలోకి గుచ్చి, లోకంతో పని లేనట్టు తాగుతోంది. రెక్కలు మూసినప్పుడు పండిన నారింజ తొక్క మీద నీలిబూడిద పూసినట్టుంది. తెరిచినప్పుడు కాల్చిన కాఫీగింజ నలుపు, దాని మీద తెల్ల మచ్చల వరస, ఎండ ఏటవాలుగా తగిలిన చోట నీలం ఒక్క క్షణం మెరిసి ఆరింది. హార్మెన్‌కు ఏదో అనాలనిపించింది. అలవాటు లేక గడ్డిలోని కెమెరా అందుకున్నాడు.

కెమెరా కంటికి పెట్టుకున్నాడు. స్పష్టంగా ఉంది, దాని కంటి చుట్టూ ఉన్న నూగు కూడా కనిపిస్తోంది. వేలు మీట మీదికి పోయి ఆగింది. దాని కాళ్ళ కింద టోపీ. టోపీ మీద మరక. మనిషి వస్తువేదైనా ఫొటోలో పడితే లెక్కలోకి రాదు. లెన్సు అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. రెక్క ఒక్కటే తీద్దామంటే టోపీ దారం కనబడుతోంది. తల ఒక్కటే తీద్దామంటే టోపీ మడత కనబడుతోంది. ఆ రూలుకు సందు ఎక్కడా లేకుండా చూసుకున్నది తనే. ఒక్క అడుగు, ఒకే ఒక్క అడుగు పక్కకేసి ఇసుక మీదికి దిగితే చాలు. అది దిగడం లేదు. చేప తలల రుచి మరిగిన ప్రాణి ఇసుకెందుకు నాకుతుంది?

మలుపు దగ్గర నుంచి డౌవె వస్తున్నాడు. ఫ్రౌకె వేలెత్తి పెదాల మీద పెట్టుకుంది. చిన్నప్పట్నుంచీ అక్క వేలికి అతను భయపడతాడు. బూట్లు విప్పి చేత్తో పట్టుకుని, కంకర మీద ఒక్కో అడుగుకూ మొహం వంకరపోతుండగా వచ్చి, చూసి, మెల్లగా బావ పక్కన బోర్లా పడుకున్నాడు. కొంతసేపు ఇద్దరూ భుజానికి భుజం ఆనించి చూశారు.

"బావా," డౌవె గుసగుసగా అన్నాడు. "అది నీ టోపీయే గదా?"

"ఊఁ."

"టోపీ మనిషి వస్తువేనంటావా?"

హార్మెన్ చెవులు ఎర్రబడ్డాయి. లెన్సు వెనక మొహం ఉంది కాబట్టి సరిపోయింది.

డౌవె మెడలో కెమెరా ఉంది. అతను దాన్ని ముట్టుకోలేదు. ఒక్కసారి నొక్కితే ఈ చలికాలం గోడంతా హార్మెన్ టోపీయే, సంఘమంతా కప్పులు పక్కన పెట్టి నవ్వుతుంది. అతను నొక్కడం లేదని హార్మెన్ గమనించాడు. గమనించి, కెమెరా దించి అన్నాడు.

"తియ్యి."

"లెక్కలోకి రాదుగా."

"నువ్వు తియ్యి. ఆ రూలు తప్పని ఈసారి సభలో నేనే లేచి చెప్తాను."

"నువ్వు ఇంకోసారి లేచి నిలబడితే ఆ ముసలాళ్ళలో ఎవరికో గుండె ఆగిపోద్ది. వద్దు. నువ్వే తియ్యి, నీ టోపీ."

"నీ బూటు ముందు పోయింది. నువ్వు తియ్యి."

"బూటు పాతబడిపోయింది బావా. ఆఖరి ఏడాది నీది. తియ్యి."

"తియ్యమన్నానా."

"ఏయ్, పెద్దోడివి, నువ్వు ముందు."

పెళ్ళిపందిట్లో వియ్యంకులు మీరు ముందంటే మీరు ముందని గుమ్మంలో నిలబడిపోయినట్టయింది వ్యవహారం. ఇన్నేళ్ళు ఒకడికి దక్కకూడదని ఒకడు పడుకున్నారు, ఇప్పుడు ఒకడు తీసుకోవాలని ఒకడు పడుకున్నారు. పడుకోవడంలో మాత్రం మార్పు లేదు.

పెద్ద లకుముకి నాలుక చుట్టుకుంది. టోపీ మీద ఒక అడుగు వేసింది, ఇంకో అడుగు వేసింది. అంచు దాకా వచ్చింది. రెండు కెమెరాలూ ఒకేసారి లేచాయి. అది ఇసుక వైపు ఒకసారి వంగి చూసినట్టు చూసి, రెక్క కొట్టకుండానే గాలిలోకి జారి, ఇద్దరి తలల మీదుగా, ఫ్రౌకె చెవి పక్కనుంచి పైకి పోయింది. ఆస్పెన్ తలల్లో ఆకులన్నీ వణుకుతూనే ఉన్నాయి. అందులో ఏది ఆకో ఏది రెక్కో ఇక తెలియలేదు.

ఎవరూ లేవలేదు.

"కాఫీ చల్లారింది," అంది ఫ్రౌకె.

రోడ్డు పక్కన మొద్దు మీద కూర్చుని చల్లటి కాఫీ తాగారు. ఫ్రౌకె తలా ఒక బిస్కెట్టు ఇచ్చింది. డబ్బా మూత పెట్టబోయి ఆగి, పైకి, ఆ చెట్ల తలల్లోకి చూసింది.

"దాని నీలం," అంది. "నువ్వెప్పుడూ చెప్పలేదేం?"

హార్మెన్ ఆలోచించాడు. చెప్పి ఉంటాననే అనుకున్నాడు. అంతలోనే, తను చెప్పి ఉండడని తోచింది. దేశాలన్నీ తిప్పాడు, బకెట్ వాసన భరించమన్నాడు, పొట్ట మీద పాకి వచ్చిన బట్టలన్నీ ఉతికించాడు. ఎందుకో ఒక్కసారీ చెప్పలేదు.

"నేనూ ఇవాళే చూశాను," అన్నాడు.

ఫ్రౌకె మూత పెట్టకుండా డబ్బా వాళ్ళ మధ్య మొద్దు మీద పెట్టింది. డౌవె అక్క మొహం చూసి, బావ మొహం చూసి, భయంభయంగా రెండో బిస్కెట్టు తీసుకున్నాడు.

తోటకు తిరిగొచ్చాక హార్మెన్ మిగిలిన ఎరను పారబోయడానికి గొయ్యి తవ్వబోయాడు. రేపు ప్రయాణం, ఇక దానితో పనేముంది. ఫ్రౌకె బంగాళదుంపలు చెక్కుతూ, తలెత్తకుండానే, ఇప్పుడు తవ్వడమెందుకు, భోజనం వేళయిందంది. ఊరి నుంచి తెచ్చుకున్న బస్తాలో అడుగున మిగిలిన దుంపలవి. హార్మెన్ పార పక్కన పెట్టాడు. టోపీని ఏం చేయాలో తెలియక చేతుల్లో తిప్పుతుంటే డౌవె లాక్కుపోయి కంచె గుంజకు తగిలించాడు. అవతల గుడ్లు పెట్టి వెళుతున్న జెనోవెఫా దాన్ని చూసి ముక్కు మూసుకుని చుట్టూ తిరిగి వెళ్ళింది.

సరిగ్గా పన్నెండింటికి బల్ల మీద ఉడికిన దుంపలు, బీన్సు, వెన్నలో వేగిన ఉల్లిపాయలు వచ్చాయి. ఎప్పుడూ ఫ్రౌకె కుర్చీ ఎండ వైపు ఉంటుంది, అల్లిక పనికి వెలుతురు కావాలి గదా. ఇవాళ ఆమె కుర్చీ ఎత్తి కంచె వైపు తిప్పి వేసుకుంది. ముగ్గురూ తలలు వంచి లోపల్లోపల ప్రార్థన చేసుకున్నారు, తలలెత్తారు, తినడం మొదలుపెట్టారు. కంచె గుంజ మీద టోపీ చుట్టూ ఈగలు ముసురుతున్నాయి. అది మళ్ళీ వాలుతుందేమోనని ముగ్గురూ టోపీనే చూస్తూ, ఫోర్కుల చప్పుడైనా కాకుండా, దుంపలు అయిపోయేదాకా తిన్నారు.